పనిముట్టు మీద పన్ను (దత్తమండలాల కథ – 7)

2019 జులైలో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటు ముందు పెట్టిన ఆర్థిక సర్వేలో ఒక అధ్యాయం ఉంది. పుట్టి పదేళ్లు దాటినా వందమంది పనివాళ్ల లోపే ఉండిపోయిన ఫ్యాక్టరీలకు అందులో ఒక పేరు పెట్టారు. మరుగుజ్జులు అని. లెక్కకు చూస్తే సగం ఫ్యాక్టరీలు ఇవే, ఇచ్చే ఉపాధి మాత్రం 14 శాతం, చేసే ఉత్పత్తి 8 శాతం దగ్గర. అందుకని దేశానికి ఇవి బరువంట. పొట్టిగా పుట్టిన మనుషుల్ని తిట్టుగా వాడుకోవడం సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

వాళ్లు లెక్కేసింది రిజిస్టరైన ఫ్యాక్టరీలను. మన లంద, మన మగ్గం, మన కొలిమి ఆ లెక్కలోకి కూడా ఎక్కవు. మరుగుజ్జు అనిపించుకోవడానికి కూడా ఒక అర్హత కావాలి. అయినా ఆ అధ్యాయం అడిగిన ప్రశ్న మనదే: చిన్నది ఎందుకు చిన్నగానే ఉండిపోయింది? వాళ్ల జవాబు కార్మిక చట్టాలు, చిన్నవాళ్లకిచ్చే రాయితీలు. చిన్నగా ఉంటే లాభం కాబట్టి ఎదగకుండా కూచున్నారని. నా జవాబు కర్నూలు, కడప జిల్లాల రెవెన్యూ చరిత్రలో ఉంది. అది వాళ్ల జవాబు కంటే పాతది.

గత భాగంలో మన్రో రైత్వారీ గురించి రాశాను. చదివిన కొందరు మిత్రులు ఒక మాట అడిగారు. అన్నా, మనోళ్లకు భూమే లేదు, శిస్తే లేదు, మన్రో శిస్తు తగ్గిస్తే మనకేంది, పెంచితే మనకేంది? న్యాయమైన ప్రశ్న. మాలమాదిగలకు చాలావరకు పట్టాలు లేవు. కానీ పన్ను లేదనుకుంటే పొరపాటు. భూమి లేనోడి దగ్గర కూడా సర్కారుకు పన్నేయడానికి ఒకటి దొరికింది. వాడి పనిముట్టు.

దాని పేరు మొహతర్ఫా. అరబ్బీ మాట, చేతివృత్తి అనే అర్థం నుంచి వచ్చింది. మగ్గానికి ఇంత, గానుగకు ఇంత, కొలిమికి ఇంత, అంగడికి ఇంత, కొన్ని చోట్ల ఇంటికి కూడా ఇంత. మనిషి ఎంత సంపాదించాడని అడగరు. చేతిలో ఏముందని అడుగుతారు.

కంపెనీ వాళ్లు కనిపెట్టింది కాదిది. అంతకుముందు సుల్తానుల కాలంలోనూ, విజయనగరం కాలంలోనూ వృత్తుల మీద పన్నులు ఉండేవి. మన జిల్లాల శాసనాలు చూస్తే మగ్గం మీద సుంకం కనిపిస్తుంది, మంగలి పన్ను కనిపిస్తుంది, ఊరూరా తిరిగి ఆటలాడే దొమ్మరుల మీద కూడా పన్ను కనిపిస్తుంది. తాడు మీద నడిచేవాడి దగ్గర కూడా వసూలు చేశారు మన రాయలవారి రాజ్యంలో. రత్నాలు రాశులుపోసి అమ్మారని చెప్పే పుస్తకాల్లో ఈ పద్దు ఎందుకు కనపడదో నాకు తెలీదు.

మంగలి పన్ను కథ మాత్రం ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది. 1540లలో, సదాశివరాయల పేరు మీద అళియ రామరాయలు రాజ్యం నడిపే రోజుల్లో, బాదామికి చెందిన కొండోజు అనే మంగలి ఉండేవాడు. రామరాయలకు క్షౌరం చేసి మెప్పు పొందాడు. ఏం కావాలో కోరుకో అంటే తనకని ఏమీ అడగలేదు. తన కులంవాళ్ల మీద పన్ను ఎత్తేయమన్నాడు. ఎత్తేశారు. ఆ మాఫీని చెక్కిన శాసనాలు కర్ణాటకలోనూ, మన రాయలసీమ జిల్లాల్లోనూ ఊరూరా దొరికాయి. ఒకే విషయం మీద అన్ని ఊళ్లలో రాయి ఎందుకు నాటించారు? పై నుంచి మాఫీ అని చెప్పినా కింద ఊళ్లో వసూలు ఆగదని వాళ్లకు తెలుసు కాబట్టి. మాఫీ చేయించుకోవడం ఒక పని, అది అమలయ్యేలా చూసుకోవడం ఇంకో పని. కొండోజు రెండూ చేశాడు. మన చరిత్రలో వృత్తిపన్ను మీద గెలిచిన తొలి నాయకుల్లో ఒకడు మంగలి అని పిల్లలకు చెప్పండి.

ఇప్పుడు కంపెనీ కాలానికి వద్దాం.

1800 అక్టోబరులో నిజాం బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాల్నీ, ఇప్పటి కర్నూలు జిల్లాలో కొంత భాగాన్నీ కంపెనీకి అప్పజెప్పాడు. దత్తమండలం అన్న పేరు అప్పుడే వచ్చింది. కర్నూలు నవాబు సీమ మాత్రం 1839 దాకా విడిగా ఉంది. దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరు, 1800 నుంచి 1807 దాకా. వెళ్లిపోయే ముందు ఆయన ఒక సిఫారసు రాశాడు. భూమి శిస్తు నూటికి పాతిక తగ్గించాలి, బావులు చెరువుల కింద తోటభూములకు ఇంకా ఎనిమిది తగ్గించాలి అని. ఎందుకంటే శిస్తు అంత ఎక్కువ ఉంటే రైతు బాగుపడడు, భూమిని బాగుచేయడు, సర్కారుకు కూడా చివరికి నష్టమే. పన్ను ఎక్కువైతే ఉత్పత్తి పడిపోతుందని 1807లోనే మన గడ్డ మీద కూచుని రాసిన మనిషి ఆయన. వెంటనే అమలు కాలేదు. తర్వాత ఆయనే గవర్నరై వచ్చాక అమలైంది. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చచ్చిపోయాడు. రైతులు తమ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. గండి ఆంజనేయస్వామి దగ్గర ఆయనకు బంగారు తోరణం కనిపించిందని కడప జిల్లాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పెట్టుకోనీ. శిస్తు తగ్గినోడికి ఆయన దేవుడే. కానీ అదే మన్రో కాలంలో, అదే కచేరీలో, మగ్గం మీదా కొలిమి మీదా మొహతర్ఫా వసూలవుతూనే ఉంది. భూమి విషయంలో తెలిసిన ఆ సూత్రం, పన్ను ఎక్కువైతే మనిషి మెరుగుదల మానేస్తాడన్న సూత్రం, చేతిపని విషయంలో గుర్తు రాలేదు. రైతుకు బాధ కలిగితే సర్కారు ఖజానాకు గండి. చేతిపనివాళ్లు ఇచ్చేది భూమిశిస్తు పక్కన పెడితే చిల్లర. ఆ చిల్లరను తీసేయడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

మగ్గం అంటే ఇక్కడ పద్మశాలీలు, తొగటలు, దేవాంగులే గుర్తొస్తారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, ఎమ్మిగనూరు అనగానే వాళ్ల పేర్లే. కానీ దత్తమండలాల్లో ముతకబట్ట నేసిన చేతులు పెద్దసంఖ్యలో మాలవాళ్లవి. కూలీనాలీ జనం, సేద్యగాళ్లు కట్టుకున్న గుడ్డ మాలపల్లె గుంట మగ్గం మీద నేసిందే. మా జిల్లాలో చాలామంది మాల పెద్దలకే ఈ సంగతి గుర్తులేదు. కూలికి పోయే కులం అని మనకు మనమే చెప్పుకుంటున్నాం. నేతపనిని మనం వదిలేశామా, వదిలించారా అన్నది అసలు ప్రశ్న.

మగ్గం మీద పన్ను ఎట్లా పనిచేస్తుందో ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహకు మాత్రమే.

ఒక నేతగాడికి ఒక మగ్గం ఉంది. ఏడాదికి రెండు రూపాయల పన్ను అనుకుందాం. ఏడాదంతా మగ్గం ఆడితే నలభై బట్టలు. బట్టకు పన్ను ముప్పాతిక అణా పైచిల్లర. బాధే గానీ భరిస్తాడు. కొడుకు పెద్దోడయ్యాడు, రెండో మగ్గం వేద్దామనుకున్నాడు. కానీ మన సీమలో గుడ్డ ఎప్పుడు అమ్ముడుపోతుంది? కళ్లాలు అయ్యాక, పెళ్లిళ్లప్పుడు. నాలుగు నెలలు. మిగతా కాలంలో కొనేవాడి చేతిలో డబ్బుండదు. రెండో మగ్గం నాలుగు నెలలే ఆడుతుంది, పన్నెండు నెలల పన్ను పడుతుంది. అంటే రెండో మగ్గం మీద నేసిన ప్రతి బట్టకూ మూడింతల పన్ను. వానలు రాని ఏడాది మొదటి మగ్గానిదీ అదే గతి. ఇక రెండోదాన్ని ఎవరు వేస్తారు? కొడుకు రెడ్డి పొలంలో కూలికి పోతాడు. లెక్కల్లో మాత్రం ఆ నేతగాడు ఎదగని మరుగుజ్జు.

దీనికి ఎదురువాదం ఒకటుంది, దాన్ని దాచను. పన్ను మగ్గానికి ఒకసారే కాబట్టి, ఎంత ఎక్కువ నేస్తే బట్టకు అంత తక్కువ పడుతుంది, కాబట్టి మనిషి కష్టపడి నేస్తాడు, సోమరితనం పోతుంది అని. కాగితం మీద తప్పేమీ లేదు. ఏడాది పొడుగునా వానా, కొనేవాడూ గ్యారంటీగా ఉండే దేశంలో అది నిజం కావచ్చు. ఇరవై ఇంచులు వాన పడితే పండగ చేసుకునే సీమలో, ఆడని మగ్గం మీద కూడా పన్నేస్తే మనిషికి మిగిలే తెలివైన పని ఒక్కటే. తక్కువ పనిముట్లు పెట్టుకోవడం, ఉన్నవాటిని దాచుకోవడం. గుంట మగ్గాన్ని విప్పేస్తే నాలుగు కట్టెలూ ఒక గుంతా. లెక్కకొచ్చే కరణానికి చూపడానికి ఏముంది? కానీ దాచుకోవాల్సిన పనిముట్టును ఎవడూ పెద్దది చేయడు, మంచిది కొనడు. దాగి బతకాలంటే చిన్నగా ఉండాలి.

ఇంకో సంగతి. పనివాడి పన్ను పనిముట్టు మీద. పెద్ద వ్యాపారి పన్ను ఎట్లా? తెలుగు జిల్లాల్లో చాలాచోట్ల వీసబడి అనే పద్ధతి ఉండేది. ఊరి వర్తకుల మీద మొత్తంగా ఒక మొత్తం వేస్తారు. దాన్ని వీసాల లెక్కన వాళ్లలో వాళ్లే పంచుకుంటారు. ఎవరి వ్యాపారం ఎంతో వాళ్లకే తెలుసు, వాళ్లే సర్దుకుంటారు. ఎవరి పన్ను ఎంతో నిర్ణయించుకునే కుర్చీలో కూచునే అవకాశం వర్తకుడికి ఉంది. మగ్గం గుంటలో కూచున్నవాడికి లేదు.

అంతేకాదు. 1844 దాకా మద్రాసు రాజధానిలో లోపలి సుంకాలు కూడా ఉండేవి. సరుకు ఒక తావు నుంచి ఇంకో తావుకు పోతే దారిలో సుంకం చౌకీ. ఆ ఏడాది ఆరో చట్టంతో వాటిని ఎత్తేశారు. అప్పటిదాకా కడప నేతగాడు మగ్గానికి పన్ను కట్టి, గుడ్డకు దారి సుంకం కట్టి సంతకు వస్తే, పక్క అంగట్లో మాంచెస్టరు గుడ్డ నామమాత్రపు దిగుమతి సుంకంతో వచ్చి కూచుని ఉండేది. ఆవిరి యంత్రంతో పోటీపడి ఓడిపోయాం అంటారు. యంత్రం దెబ్బ నిజమే. కానీ ఒకడి కాళ్లకు బండ కట్టి పరుగుపందెంలో నిలబెట్టి, వాడు ఓడాక వాడి కాళ్లలో సత్తువ లేదనడం వేరే సంగతి.

1852లో మద్రాసులో గాజుల లక్ష్మీనరసు చెట్టి అనే తెలుగు వ్యాపారి మద్రాసు నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. మరుసటేడు కంపెనీ చార్టరు గడువు తీరబోతోంది. ఆ సందర్భంగా లండను పార్లమెంటుకు ఒక పెద్ద అర్జీ పంపారు. అందులో మొహతర్ఫా మీద రాసింది చదివితే కడుపు మండుతుంది. నేతగాళ్లు, వడ్రంగులు, లోహప్పని చేసేవాళ్లు, దారి పక్కన కూచుని అమ్ముకునేవాళ్లు అందరూ దాని కిందే. కొందరు పనిముట్టుకు కడతారు, కొందరు అమ్ముకునే అనుమతికి కడతారు. అతి చవకైన పనిముట్టును కూడా వదల్లేదు. ఆ పనిముట్టును వాడుకోనివ్వడానికి తీసుకునే పన్ను చాలాసార్లు దాని ఖరీదుకు ఆరింతలు.

ఆరింతలు. ఆగి ఆలోచించండి. ఒక ఉలి ఖరీదు ఒక అణా అయితే దాన్ని చేతిలో పట్టుకోవడానికి ఆరణాలు. కొనేటప్పుడు పనివాడు చూడాల్సింది ఉలి ధర కాదు, ఉలి వెనక వచ్చే బంట్రోతుని. రెండు ఉలులతో పని త్వరగా అవుతుందని తెలిసినా ఒక్కదాంతోనే సరిపెట్టుకుంటాడు. ఇవాళ ఆర్థికవేత్తలు పెట్టుబడి కొరత వల్ల ఉత్పాదకత తక్కువ అంటారు కదా. ఆ కొరతను తయారుచేసిన యంత్రం ఇదే.

వసూలు ఎట్లా జరిగేదో కూడా కాగితం మీద ఉంది. అదే అసోసియేషన్ పోరు వల్ల 1854లో హింసల మీద విచారణకు కమిషను వేశారు, 1855లో నివేదిక వచ్చింది. పన్ను కట్టనివాణ్ణి ఎండలో నిలబెట్టడం, మెడను కాలివేళ్లకు కట్టి వంచి ఉంచడం, వేళ్లను కిట్టిలో పెట్టి నొక్కడం. కమిషను తేల్చింది ఏమంటే ఇవన్నీ చేసింది కింది స్థాయి దేశీ ఉద్యోగులు అని. తెల్లదొరకు తెలీదంట. దొర గురించి వాళ్లు చెప్పింది నేను నమ్మను. కింది ఉద్యోగుల గురించి చెప్పింది మాత్రం నిజం. ఆ కింది ఉద్యోగం ఏ కులాలదో, ఎండలో నిలబడినవాడు ఏ కులాలవాడో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1860ల నాటికి మొహతర్ఫా పోయింది. 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చిన ఆదాయపు పన్నులో ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయానికి మినహాయింపు పెట్టారు. అంటే మొదటిసారి ‘నీకు ఎంత వస్తుంది’ అని అడిగి పన్నేశారు. ఆ ఒక్క ప్రశ్నతో పేద చేతిపనివాడు పన్ను బయటకొచ్చాడు. కానీ అప్పటికి మన జిల్లాల మీదుగా రైలు పట్టాలు పడుతున్నాయి. 1871 నాటికి మద్రాసు రైలు కడప, గుత్తి దాటి రాయచూరు చేరింది. కాళ్లకు కట్టిన బండ విప్పారు, పందెం అయిపోయాక.

అంబేడ్కర్ ఆర్థికశాస్త్రం చదివినవాడని అందరికీ తెలుసు గానీ, ఏం చదివాడో చాలామంది చూడరు. కొలంబియాలో 1915 ఎంఏ సిద్ధాంత వ్యాసం ఈస్టిండియా కంపెనీ పాలన, ఆదాయవ్యయాల మీద. 1925లో అచ్చయిన రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పుస్తకంలో బ్రిటిషు పన్నుల మీద ఆయన తీర్పు సూటిగా ఉంటుంది. భూమిశిస్తు సేద్యాన్ని ఎదగనీయలేదు, సుంకాలు చేతి ఉత్పత్తులకు అడ్డం పడ్డాయి అని. పన్ను గురించి మాట్లాడటం మనకు కొత్త కాదు. బాబాసాహెబ్ మొదలుపెట్టిందే అక్కడ.

1876–78 ధాత కరువు గురించి మూడో భాగంలో రాశాను కాబట్టి ఇక్కడ పన్నుల వరకే. కర్నూలు జిల్లా జనాభా 1871, 1881 లెక్కల మధ్య దాదాపు నాలుగో వంతు తగ్గింది. జనం చస్తుంటే, 1877 చివర్లో మద్రాసు రాజధానిలో ఉప్పు పన్నును మణుగుకు రూపాయి పదమూడణాల నుంచి రెండున్నర రూపాయలకు పెంచారు. ఉప్పు మాదిగవాడకు కూటిలోకే కాదు, పనిలోకి కూడా. పచ్చితోలు కుళ్లకుండా నిలవాలంటే ఉప్పు కావాలి. ఆ కరువులో పశువులు మందలు మందలుగా చచ్చాయి, మద్రాసు రేవు నుంచి తోళ్ల ఎగుమతి అమాంతం పెరిగింది. తోలు ఎప్పుడూ లేనంత దొరికిన కాలంలోనే, దాన్ని నిలవచేసే ఉప్పు ఎప్పుడూ లేనంత ప్రియమైంది. ఉప్పు కొనగలిగినవాడు, అంటే దళారీ, తోలు పట్టుకున్నాడు.

కరువు నిధి పేరుతో 1878లో లైసెన్సు పన్ను వచ్చింది. వ్యాపారాల మీద, చేతివృత్తుల మీద. సర్కారు ఉద్యోగి జీతం మీద లేదు, భూస్వామి రాబడి మీద లేదు. కరువులో కూలిపోయినవాడి దగ్గరే కరువు బీమా వసూలు. గొడవై 1880లో 500 రూపాయల లోపు వాళ్లను వదిలారు. ఆ నిధిలో డబ్బు అఫ్గాన్ యుద్ధానికి మళ్లిందన్నది ఇంకో దుర్మార్గం.

ఇక తోలు. మా తాత కపిలకు తొండాలు కుట్టేవాడు. బావి నుంచి నీళ్లు తోడే ఇనప బానకు కింద తోలు తొండం, దాన్ని లాగే మోకు. అది లేకపోతే సీమలో బావి కింద సేద్యమే లేదు. లంద మాదే, తంగేడు చెక్క కొట్టుకొచ్చేది మేమే, కరక్కాయ దంచేది మా అవ్వలే. దానికి కూలి కళ్లంలో గింజలు. ఇన్ని కపిలలు ఈ చేతుల మీద నడిచినా ఈ పనికి డబ్బులో ధర లేదు కాబట్టి దీన్ని ఎవరూ వ్యాపారం అని పిలవలేదు. వెట్టి కూడా పన్నే. రసీదు లేని పన్ను.

1919 సెప్టెంబరులో బ్రిటిషు ప్రభుత్వం పచ్చితోళ్ల ఎగుమతి మీద 15 శాతం సుంకం వేసింది. కారణం దేశంలో తోలుశుద్ధి పరిశ్రమను నిలబెట్టడం అన్నారు. చక్కటి మాట. పచ్చితోలు బయటికి పోకుండా ఇక్కడే ఆగితే, ఇక్కడే పదునుపడితే, ఇక్కడి చేతులకు పని. కానీ దానికి ఒక తోక ఉంది. బ్రిటిషు సామ్రాజ్యంలోకి పోయే తోలుకైతే సుంకంలో మూడింట రెండు వంతులు వెనక్కి ఇస్తారు. అంటే నిజంగా పడే సుంకం 5 శాతం. యుద్ధానికి ముందు కలకత్తా పచ్చితోళ్ల వ్యాపారం జర్మను కంపెనీల చేతిలో ఉండేది. వాళ్లను బయటపెట్టి తోలును ఇంగ్లండు వైపు తిప్పడం అసలు లెక్క. 1923కు సుంకం 5 శాతానికి దిగిపోయింది.

కాపాడిన కాసేపైనా ఎవర్ని కాపాడింది? మద్రాసు చుట్టుపక్కల టానరీలను. మన తంగేడు చెక్క మూటలు కట్టుకుని అక్కడికి పోయేది, మన తోళ్లు అక్కడికి పోయేవి. ఊరి లంద ఖాళీ అయ్యింది. ఊరి మాదిగ పరిశ్రమ యజమాని కాలేదు, టానరీ సున్నం గుంతలో కూలీ అయ్యాడు. సున్నంలో చేతులు నానబెట్టే పని మనదే, సంతకం పెట్టే పని ఇంకొకరిది. రక్షణ సుంకం పరిశ్రమను పెంచుతుందని పుస్తకాల్లో ఉంది. పరిశ్రమ అంటే ఎవరు అని ఆ పుస్తకం అడగదు.

ఇవన్నీ పాత సంగతులు అంటారా? 2021 డిసెంబరు 31కి రండి.

2022 జనవరి 1 నుంచి గుడ్డల మీద, చెప్పుల మీద జీఎస్‌టీని 5 నుంచి 12 శాతానికి పెంచాలని ముందే నిర్ణయించారు. రాష్ట్రాలు గోల చేశాయి, బట్టల వ్యాపారులు గోల చేశారు. డిసెంబరు 31న కౌన్సిల్ అత్యవసరంగా కూచుని గుడ్డల మీద పెంపును ఆపేసింది. చెప్పుల మీద ఆపలేదు. తెల్లారి నుంచి వెయ్యి రూపాయల లోపు చెప్పుకు కూడా 12 శాతం. గుడ్డ వెనక సూరత్ ఉంది. చెప్పు వెనక ఎవరున్నారు? నేత సంఘాలను నేను తప్పుబట్టట్లేదు, వాళ్లు పోరాడి సాధించుకున్నారు, సంతోషం. చెప్పు తరఫున ఆ గదిలో గట్టిగా మాట్లాడినవాడు లేడన్నదే నా బాధ. మాకు కొండోజు లేడు.

అదే ఏడాది జులై 18 నుంచి తోలు జాబ్‌వర్క్ మీద కూడా 5 నుంచి 12కు పెంచారు. జాబ్‌వర్క్ అంటే తోలు వేరేవాళ్లది, పని మనది. శుద్ధి చేసి, కోసి, కుట్టి ఇస్తే కూలి. ఆ కూలి మీద 12. పనిముట్టు మీద పన్ను పోయి పని మీద పన్ను వచ్చింది.

చిన్నవాడికి మినహాయింపు ఉంది కదా అంటారు. ఉంది. సరుకు అమ్మేవాడికి 40 లక్షల దాకా, జాబ్‌వర్క్ లాంటి సేవలకు 20 లక్షల దాకా రిజిస్ట్రేషను అక్కర్లేదు. మరి అది వరమా? కర్నూలులోనో ప్రొద్దుటూరులోనో రోడ్డు పక్కన షెడ్డులో చెప్పులు కుట్టేవాడు కొనే జిగురు డబ్బాలో 18 శాతం పన్ను ముందే కలిసి ఉంది. రిజిస్ట్రేషను ఉన్నవాడు ఆ 18ని క్రెడిట్‌గా వెనక్కి తీసుకుంటాడు. లేనివాడు మింగాల్సిందే. పెద్ద షాపువాడు వీడి దగ్గర కొంటే షాపువాడికి క్రెడిట్ రాదు, అందుకని కొనడు. పోనీ రిజిస్టరు చేయించుకుందామా అంటే రిటర్నులు, అకౌంటెంటు ఫీజు, ఆలస్యమైతే జరిమానా. అమ్మే చెప్పు మీద పన్ను తక్కువ, కొనే ముడిసరుకు మీద ఎక్కువ అయితే తేడా సర్కారు దగ్గర ఇరుక్కుపోతుంది. రీఫండు వచ్చేదాకా ఆ డబ్బు పనిలో తిరగదు. వంద జతల పెట్టుబడితో బతికేవాడికి పది జతల డబ్బు నెలలు నెలలు ఆగిపోతే ఏమవుతుందో ఊహించండి. లోపలికొస్తే ఇరుక్కుంటాడు, బయటుంటే అమ్ముకోలేడు. కాబట్టి ఉన్నచోటే ఉంటాడు. గుంట మగ్గం విప్పి దాచినవాడి మునిమనవడు వీడు.

ఇదే రాష్ట్రంలో వృత్తిపన్ను సంగతి చూడండి. రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం వృత్తిపన్ను ఏడాదికి 2500 రూపాయలు మించకూడదు. 1988 సవరణకు ముందు 250. పల్లె టీచరమ్మకు నెలకు 200 కోస్తారు, ఏడాదికి దాదాపు ఆ గరిష్ఠం దగ్గరకు వచ్చేస్తుంది. వందల కోట్ల కాంట్రాక్టరుకైనా 2500 దాటదు. చెప్పు మీద పన్నుకు మాత్రం రాజ్యాంగంలో గరిష్ఠ పరిమితి లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి తోలు జాబ్‌వర్క్‌ను తిరిగి 5కు దించారు. 2500 రూపాయల లోపు చెప్పులూ 5కు వచ్చాయి. మంచిదే. మంచిని మంచి అనడానికి నాకు ఇబ్బంది లేదు. కానీ మధ్యలో మూడున్నరేళ్లు పోయాయి. ఆ మూడున్నరేళ్లలో మూతపడ్డ షెడ్డుకు రీఫండు లేదు. తగ్గించిన పన్ను బ్రాండు చెప్పు ధరలో వెంటనే కనిపిస్తుంది. జిగురు డబ్బా మీద 18 అలాగే ఉంది.

తోలు పరిశ్రమకని 1973లోనే రాష్ట్రం లిడ్‌క్యాప్ పెట్టింది. దాని భూములు, దాని శిక్షణ కేంద్రాల కథ పెద్దది, విడిగా రాస్తాను. సీమలో చౌడుమట్టి నుంచి ఉప్పు తీసిన ఉప్పరోళ్ల పనిని ఉప్పు పన్ను కోసం సర్కారు ఎట్లా తొక్కేసిందో ఎనిమిదో భాగంలో.

ఈలోగా ఒక సాయం కావాలి. మీ ఇళ్లలో, మీ పల్లెల్లో పెద్దోళ్ల పెట్టెల్లో పాత మగ్గం రసీదులు, లైసెన్సు చీటీలు, తోళ్ల వేలం కాగితాలు ఉంటే పారేయకండి. ఫొటో తీసి పంపండి. మాల మగ్గాలు ఎక్కడెక్కడ ఆడేవో అవ్వలను అడిగి ఊరి పేరు రాసి పెట్టండి. నందికొట్కూరు, కోడుమూరు, మైదుకూరు, బద్వేలు వైపు మిత్రులు ముఖ్యంగా.

జై భీమ్.